దొంగల ఊరిని కట్టిందెవరు?

ఎక్కడ పెద్ద నేరం జరిగినా టీవీ చర్చల్లో రెండు జట్లు తయారవుతాయి. పేదరికమే కారణమని ఒక జట్టు, శిక్ష పడుతుందన్న భయం లేకపోవడమే కారణమని ఇంకో జట్టు. మధ్యలో పెంపకం, సినిమాలు, సెల్‌ఫోన్ల మీద తలో మాట. సమాజశాస్త్రంలో ఈ తగవు నూరేళ్లకు పైగా నడుస్తూనే ఉంది. ఎవరి మాటలో ఎంత నిజముందో చూడటానికి, నేరాల మీద పరిశోధనలకు పేరుపడ్డ చికాగో దాకా మనం వెళ్లనక్కర్లేదు. బాపట్ల దగ్గర ఎరుకలవాళ్లుండే, దొంగల ఊరని ముద్రపడ్డ స్టువర్టుపురం ఉంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేర జాతుల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న తర్కం. ‘పుట్టు నేరస్తుడు’ అనే సిద్ధాంతానికి పేరుపడ్డ ఇటలీ వైద్యుడు లాంబ్రోసో పుస్తకం వచ్చింది 1876లో. అంటే యూరప్ పండితుడు రాయకముందే మన దగ్గర దొరలు అమలు చేసేశారు! 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాల చేత వేలిముద్రలు వేయించారు, హాజరు చెప్పించుకున్నారు, ఊరు దాటాలంటే ముందుగా తెలియజేయాలన్నారు. ఒక కులాన్ని మొత్తంగా నేరజాతి అని ప్రకటించడం న్యాయమేనా అని కోర్టులో అడిగే వీలు కూడా ఉంచలేదు.

అంతకుముందు ఎరుకలవాళ్లు ఏం చేసేవాళ్లు? కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు మోసి, ధాన్యానికి మార్చుకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, పన్ను పెరిగింది. రైళ్లొచ్చాక గాడిద మీద సరుకు తెచ్చేవాడి అవసరం తీరిపోయింది. 1882 అటవీ చట్టంతో అడవి మీద ఆంక్షలొచ్చాయి. వీటి మధ్యలో 1876-78 నాటి మహా కరువు. బాగుపడాలన్న ఆశ అందరికీ ఉంటుంది, దారులు మాత్రం కొందరికే తెరుచుకుంటాయి, ఆ తేడాలోంచే నేరం పుడుతుందని 1938లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ అన్నాడు. ఎరుకల కథ ఆ మాటకు సరిగ్గా సరిపోతుంది.

ఈ వివరణ వైపు మేమూ మొగ్గుతాం. కానీ దీంతోనే ఆగితే పేదలకే అన్యాయం. ఆ కరువులో లక్షలమంది ఎవరి సొమ్మూ ముట్టకుండానే ఆకలితో చచ్చిపోయారు. 2009లో హైదరాబాద్‌లో బయటపడ్డ సత్యం కుంభకోణంలో ఖాతాల్లో 7,000 కోట్లకు పైగా గోల్‌మాల్ చేసింది ఏ ఆకలితో? అప్పుడు ఎవరి కులానికీ, ఎవరి ఊరికీ పోలీసులు నిఘా షీటు తెరవలేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లోనే ఈ సంగతి ఎత్తి చూపాడు. వ్యాపారుల నేరాలను లెక్కలోకి తీసుకోకుండా పేదరికమే నేరానికి మూలమంటే కుదరదన్నాడు. మనిషి నేరాన్ని తన చుట్టూ ఉన్నవాళ్ల దగ్గరే నేర్చుకుంటాడన్నది ఆయన వాదన. అది ఆఫీసులోనైనా కావచ్చు, గల్లీలోనైనా కావచ్చు.

ఆ మాట గుర్తుపెట్టుకుని చూస్తే స్టువర్టుపురం కట్టినవాళ్ల తెలివి ఆశ్చర్యంగా ఉంటుంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పగించిన సెటిల్‌మెంట్ అది. పోలీసులు దొంగలని అనుకున్న కుటుంబాలన్నిటినీ తెచ్చి ఒకే చోట కూర్చోబెట్టి, వీళ్లు మారాలన్నారు. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టం ఇచ్చింది. చీరాల పొగాకు కంపెనీకి మాత్రం అక్కడి నుంచి కూలీలు దొరికారు.

చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. రద్దు చేయాలని చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లాకు చెందిన అనంతశయనం అయ్యంగార్, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయినాయన. దాని బదులు కులంతో సంబంధం లేకుండా పాత నేరస్తులందరికీ వర్తించే చట్టం ఉండాలన్నదీ ఆ కమిటీయే. అలా వచ్చినవే అలవాటు నేరస్తుల చట్టాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద కులం పేరు పోయింది. స్టేషన్లో పోలేదు. మధ్యలో సినిమావాళ్లు ఆ ఊరి పేరును టైటిళ్లకెక్కించి సొమ్ము చేసుకున్నారు. ముద్ర పడ్డవాడికి పనిచ్చేవాడుండడు, పని దొరకనివాడు మళ్లీ అదే దారి పడతాడు, చూశారా మేం ముందే చెప్పామంటారు ముద్ర వేసినవాళ్లు. 1963లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన ఈ వివరణే స్టువర్టుపురానికి అన్నిటికన్నా దగ్గరగా ఉందని మా అభిప్రాయం.

భయం పనిచేయదని మేం అనడం లేదు. న్యూయార్క్‌లో 1990లో 2,200కు పైగా హత్యలు జరిగాయి, 2000 నాటికి అవి 700 లోపుకు దిగాయి. చిన్న తప్పును కూడా వదలని పోలీసింగ్ వల్లే అన్నారు. ఆ దారి పట్టని మరో అమెరికా నగరం శాండియాగోలోనూ అదే కాలంలో నేరాలు బాగా తగ్గాయి కాబట్టి మొత్తం ఘనత పోలీసులకే ఇవ్వలేం. అసలు భయమైనా ఎప్పుడు పనిచేస్తుంది? తప్పు చేస్తేనే పట్టుకుంటారన్న నమ్మకం ఉన్నప్పుడు. ఎక్కడ చోరీ జరిగినా ఊరి పేరు చూసి పట్టుకుపోతుంటే, బుద్ధిగా బతికినవాడికి మిగిలేదేమిటి?

1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, ఆయన భార్య హేమలత (కవి జాషువా కుమార్తె) ఆ ఊళ్లో పని మొదలుపెట్టారు. నిఘా బదులు పలకరింపు, పిల్లల చదువు, ఉపాధి వాళ్ల పద్ధతి. ఏ ఒక్క సిద్ధాంతాన్నో నమ్ముకుని కూర్చుంటే ఆ పని జరిగేది కాదు.

పేదరికం తగ్గడానికి దశాబ్దాలు పడుతుంది. పెంపకాన్ని ప్రభుత్వం జీవోతో మార్చలేదు. ముద్ర వేసింది మాత్రం ప్రభుత్వమే, తీసేయగలదీ అదే. అలవాటు నేరస్తుల చట్టాన్ని రద్దు చేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే చెప్పింది. జైళ్లలో కుల వివక్షపై 2024 అక్టోబర్ 3న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి చట్టాలు అవసరమో కాదో తేల్చుకోమని రాష్ట్రాలకు సూచించింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ వచ్చే శాసనసభ సమావేశాల్లోనే రద్దు బిల్లు పెట్టాలి. స్టేషన్లలో ఉన్న ప్రతి సస్పెక్ట్ షీటునూ, రౌడీషీటునూ జిల్లా ఎస్పీ స్థాయిలో తిరగేయాలి. ఆ మనిషి మీద సొంతంగా కేసు లేకుండా తండ్రి పేరుతోనో, ఊరి పేరుతోనో తెరిచినవి ఎన్ని ఉన్నాయో లెక్క బయటపెట్టి, వాటిని మూసేసినట్టు సంబంధిత వ్యక్తికి రాతపూర్వకంగా తెలియజేయాలి.