వేమవరం వెళ్ళొచ్చిన రోబో

మా స్కూల్లో రోబోటిక్స్ కోచ్‌ని నేనే. అర్హత ఏమిటంటారా? మూడేళ్ళ కిందట స్టాఫ్ రూములో ఈసురోమని తిరుగుతున్న ఫ్యానుకి కెపాసిటర్ మార్చాను. మా హెచ్చెమ్ గారు అది చూశారు. "లెక్కల మాస్టారికి కరెంటు పని కూడా వచ్చే!" అని ఆ రోజుకి మెచ్చుకుని ఊరుకున్నారు గానీ, విషయం మనసులో పెట్టేసుకున్నారు. మా స్కూలుకి అటల్ టింకరింగ్ ల్యాబు రాగానే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఫ్యాను తిప్పారు, రోబో తిప్పలేరా?" అన్నారు.

నీతి ఆయోగ్ వాళ్ళు 2016లో మొదలుపెట్టిన పథకం అది. ఐదేళ్ళలో ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా ఇస్తారు. ఆ అంకె విన్న దగ్గర్నుంచి మా హెచ్చెమ్ గారికి కంటి మీద కునుకు లేదు. ఒక్క స్క్రూ పోయినా తన పెన్షన్‌లో కోసేస్తారని భయం. అందుకని మొదటి ఆరు నెలలూ ల్యాబుకి తాళమే. త్రీడీ ప్రింటరుకి దుమ్ము పట్టకుండా తనకెవరో కప్పిన పాత శాలువా తెచ్చి కప్పారు. ఏమీ చెయ్యకుండానే సన్మానం జరిగిపోయింది దానికి.

చివరికి జిల్లా స్థాయి పోటీ సర్క్యులర్ వస్తే తాళం తియ్యక తప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి నలుగుర్ని ఏరాను. ప్రోగ్రాం రాయడానికి బస్టాండు దగ్గర టీకొట్టాయన కూతురు. చక్రాలకీ మోటార్లకీ సైకిల్ షాపాయన కొడుకు. బ్యాటరీలు చూసుకోవడానికి ఇంకొకడు. నాలుగోవాడికి ఏ పనీ రాదు. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటాడు. వాడి చేతికి ఒక లాంగ్ నోట్‌బుక్కు ఇచ్చి జరిగిందల్లా రాయమన్నాను, నోటికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని.

మొదటి రోజు కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. "నేనే రోబోని. ఈ గ్లాసులో నీళ్ళు పోసి తాగేలా నాకు ఆజ్ఞలివ్వండి. మీరు చెప్పిందే చేస్తాను, చెప్పనిది చెయ్యను" అన్నాను. టీకొట్టు అమ్మాయి ధీమాగా లేచింది.

"గ్లాసు తీసుకోండి సార్."

తీసుకున్నాను, బోర్లా.

"సీసా ఎత్తండి. నీళ్ళు పొయ్యండి."

పోశాను. బోర్లించిన గ్లాసు అడుగు మీద పడ్డ నీళ్ళు అన్ని వైపులకీ సమంగా జారి నా ప్యాంటు మీదికొచ్చాయి. పిల్లలు "సార్, ఆపండి ఆపండి" అంటున్నారు గానీ, "పొయ్యడం ఆపండి" అని ఎవరూ అనలేదు కాబట్టి సీసా ఖాళీ అయ్యేదాకా పోశాను. ఆ తర్వాత రెండు పీరియడ్లు కుర్చీలోంచి లేవకుండానే పాఠం చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు వాళ్ళకి పుల్లయ్య కథ చెప్పాను. "రేపు నువ్వు వేమవరం వెళ్ళాలిరా పుల్లయ్యా" అన్నాడట యజమాని రాత్రి పడుకోబోతూ. పొద్దున లేచి చూస్తే పుల్లయ్య లేడు. సాయంత్రానికి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఎక్కడికిరా పోయావ్?" అంటే "వేమవరం వెళ్ళొచ్చానండి" అన్నాడట. "ఎందుకెళ్ళావురా?" "మీరే వెళ్ళమన్నారు కదండీ." పుల్లయ్యది తప్పు కాదు, ఎందుకో చెప్పకుండా పడుకున్నవాడిది తప్పు. కంప్యూటరూ అంతేనర్రా అన్నాను. ఆ రోజే మా రోబోకి పుల్లయ్య అని పేరు ఖాయమైంది.

పుల్లయ్య అంటే పెద్ద మనిషేం కాదు. అట్లకాడంత పొడవు అక్రిలిక్ ముక్క, బ్యాటరీతో తిరిగే పసుపు రంగు మోటార్లు రెండు, ముందు ఒక బోడి చక్రం, నడుమ ప్రోగ్రాం నడిపే ఆర్డునో ఊనో బోర్డు, ముక్కు కింద ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు. తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల టేపుతో గీసిన దారి తప్పకుండా నడవాలి, అంతే ఉద్యోగం. ఆ బోర్డు గడియారం 16 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి కోటీ అరవై లక్షల టిక్కులు. సెకనుకి అన్నిసార్లు గడియారం చూసుకునే మనిషి ఒక్కసారైనా టైముకి ఇంటికి రావాలి కదా? మొదటి వారం పుల్లయ్య ఉన్నచోటే గింగిరాలు కొట్టాడు. రెండో వారం వెనక్కి నడిచాడు, మోటారు వైర్లు అటుదిటు అయ్యాయి. మూడో వారం కదల్లేదు. ప్రోగ్రాంలో రెండు ఈక్వల్ గుర్తులు పెట్టాల్సినచోట ఒకటే పెట్టాం, ఆ ఒక్క గీతల జతకి నాలుగు సాయంత్రాలు పోయాయి. నాలుగో వారం ప్రోగ్రామంతా సరిగ్గా ఉన్నా ఎడమ చక్రం తిరగలేదు. సైకిల్ షాపు కుర్రాడు విప్పి చూస్తే ఇరుసులో చేగోడీ ముక్క.

అది చూడగానే నాకు హార్వర్డ్ యూనివర్సిటీ గుర్తొచ్చింది. కంప్యూటరువాళ్ళు తప్పుని బగ్ అంటారు, అంటే పురుగు. 1947లో అక్కడ మార్క్ 2 కంప్యూటరు మొరాయిస్తే రిలే అనే కరెంటు స్విచ్చిలో ఇరుక్కున్న రెక్కల పురుగొకటి దొరికిందట. దాన్ని లాగ్‌బుక్కులో టేపేసి అంటించి, నిజంగానే పురుగు దొరికిందని పక్కన రాసుకున్నారు. ఈ సంగతి చెప్పగానే నాలుగోవాడు చేగోడీ ముక్కని నోట్‌బుక్కు మూడో పేజీలో నల్ల టేపుతో అంటించి, "పురుగు దొరికింది" అని రాసి, తేదీ వేశాడు. రెండు రోజుల తర్వాత ఆ పేజీకి చీమలు పట్టాయి, అది వేరే సంగతి.

ఆ ఊపులో నేనొక శాసనం చేశాను. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చినా ఎవరు మార్చారు, ఎన్ని గంటలకి, ఎందుకు అన్నది పుస్తకంలో రాయాలి. రాయకుండా మార్చినవాళ్ళు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. రెండో శాసనం: పని పిల్లలదే, కోచ్ చేతులు జేబుల్లోనే ఉంటాయి. పోటీ రూల్సు కూడా అదే చెబుతున్నాయి. ఈ రెండూ బోర్డు మీద రాసి, చెరపరాదు అని చుట్టూ డబ్బా కూడా గీశాను.

పోటీకి ముందు రాత్రి చార్జింగ్ కోసమని ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. నిజంగా చార్జింగ్ కోసమే. అన్నం తిని ఊరికే ఒకసారి ప్రోగ్రాం తెరిచాను. ఊరికే చదివాను. ఒకచోట కళ్ళు ఆగిపోయాయి. గీత కనిపించకపోతే పుల్లయ్య ఏం చెయ్యాలి? "ఆగిపో" అని రాసింది టీకొట్టు అమ్మాయి. ఇదేం పిరికితనం? గీత పోతే నడిరోడ్డు మీద చతికిలబడటమేనా? నాలుగడుగులు ముందుకేస్తే ఎక్కడో దొరక్కపోదా? జేబుల్లో ఉండాల్సిన చేతులు కీబోర్డు మీదికి ఎప్పుడొచ్చాయో నాకే తెలీదు. "నలుపు దొరికేదాకా తిన్నగా పో" అని మార్చేశాను.

వెనక నుంచి మా ఆవిడ, "ఏమండీ, రేపటి పరీక్ష పిల్లలకా, మీకా?" అంది. చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూస్తున్నానన్నాను.

పోటీ ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో. నేలంతా తెల్ల టైల్సు, మధ్యలో ఫ్లెక్సీ ట్రాకు, అటు చివర వేదిక. పొద్దున ప్రాక్టీసులో పుల్లయ్య పెళ్ళికొడుకులా నడిచాడు. పది గంటలకి రావలసిన ముఖ్య అతిథి భోజనాల తర్వాత వచ్చారు. కార్యక్రమం అప్పటికే ఆలస్యమైంది కాబట్టి పైన ఉపన్యాసం, కింద పోటీ ఒకేసారి నడిపిద్దామన్నారు నిర్వాహకులు. మా నంబరు పిలిచేసరికి మూడూ పది. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి ట్రాకు మీద సరిగ్గా చాపంత మేర పడుకుని ఉంది.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పాలి. ఆ సెన్సారు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నేల మీదికి వదుల్తుంది. తెలుపైతే తిరిగొస్తుంది, నలుపైతే మింగేస్తుంది. తిరిగి రాకపోతే గీత ఉన్నట్టు లెక్క. ఎండలోనూ అదే కాంతి బోలెడంత ఉంటుంది. ఆ వెలుగు సెన్సారు కంట్లో పడితే నలుపు కూడా తెలుపే. పదో తరగతికి కాంతి పాఠం చెప్పేది నేను కాదు, ఫిజిక్స్ మాస్టారు. అందుకని ఆ విషయం నాకు సమయానికి తట్టలేదు.

పుల్లయ్య బయల్దేరాడు. మొదటి మలుపు తిరిగాడు, రెండోదీ తిరిగాడు. ఎండలోకి దిగాడు. గీత మాయమైంది. అమ్మాయి రాసినట్టు ఉంటే అక్కడే ఆగేవాడు, చేత్తో తీసి వెనక పెట్టుకుంటే ఐదు మార్కులు పోయేవి, అంతే. కానీ వాడికి రాత్రి పదకొండూ నలభై రెండుకి వేరే ఆజ్ఞ అందింది.

తిన్నగా పోయాడు. ఫ్లెక్సీ దిగాడు. తెల్ల టైల్సు మీద రాజు వెడలె అన్నట్టు సాగిపోయాడు. "సార్, ఆగట్లేదు సార్!" అంది అమ్మాయి. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను, మొదటిసారి చిత్తశుద్ధితో. వెంటపడి పట్టుకుందామంటే, జడ్జి చెప్పేదాకా ముట్టుకోకూడదని రూలు.

నలుపు దొరికేదాకా కదా పొమ్మన్నాను. దొరికింది. ఎవరి కాళ్ళకీ తగలకుండా సౌండు కుర్రాడు మైకు వైరుని నేలకి నల్ల టేపుతో అంటించాడు. మేము ట్రాకుకి వాడిన టేపే అది, ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఇన్సులేషన్ టేపు. పుల్లయ్య దాన్ని పట్టుకున్నాడు. ఏం నడక అది! నాలుగు నెలల ప్రాక్టీసులో అంత నిఖార్సుగా ఎప్పుడూ నడవలేదు. గోడ దగ్గర టేపు లంబంగా తిరిగితే తనూ తిరిగాడు. కుర్చీ వరసల మధ్యనుంచి, మొదటి వరసలో ఎవరివో విప్పి పెట్టిన చెప్పుల పక్కనుంచి, వేదిక వైపు. పైన ముఖ్య అతిథి "యువత ఎవరో వేసిన బాటలో కాదు, తమ దారి తామే వెతుక్కోవాలి" అంటున్నారు. ఆడియన్సు అప్పటికే ఆయన్ని చూడటం మానేసింది.

టేపు చివర ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులో పన్నులా ఊగుతున్న ప్లగ్గు. పుల్లయ్య బాక్సుని ఒకటికి రెండుసార్లు గుద్దాడు. మైకు ఆగిపోయింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు. అలాంటి చప్పట్లు ఆ రోజు ఫస్టు ప్రైజుకి కూడా పడలేదు. పాపం, ముఖ్య అతిథి అవి తన వాక్యానికనుకుని చేతులు జోడించి, మైకు లేకుండానే ఇంకో రెండు నిమిషాలు మాట్లాడారు.

సౌండు కుర్రాడు పుల్లయ్యని పిల్లిపిల్లలా మెడ పట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. "దారి బానే కనిపెట్టింది మాస్టారూ, వచ్చే నెల పెళ్ళి సీజను, మా దగ్గర పెట్టుకోమంటారా?" అన్నాడు. జడ్జి సున్నా వేసి, అరగంటలో రెండో అవకాశం ఉందన్నారు.

వరండాలో విచారణ మొదలైంది. అమ్మాయి ప్రోగ్రాం తెరిచి చదువుతోంది. నేను కిటికీ గురించీ, ఎండ గురించీ, కాలేజీవాళ్ళ ప్లానింగ్ గురించీ గట్టిగా మాట్లాడుతున్నాను. ఆమె తలెత్తలేదు.

"సార్, ఇది నేను రాసింది కాదు."

"పొరపాట్న ఏదో నొక్కి ఉంటావమ్మా, టెన్షన్లో."

"పొరపాట్న ఇన్ని అక్షరాలు పడవు సార్." నోట్‌బుక్కు తిరగేశారు. ఆ మార్పు గురించి ఒక్క ముక్క లేదు. నాలుగోవాడు వంగి ఫైలు టైము చూశాడు. "రాత్రి పదకొండూ నలభై రెండు" అని చదివాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నే మళ్ళీ అడిగాడు: "ఎందుకు సార్?"

ముగ్గురు నన్నే చూశారు. బ్యాటరీల కుర్రాడు మాత్రం కిటికీలోంచి కాలేజీ గ్రౌండు ఎంతుందో కొలుస్తున్నాడు.

ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. అమ్మాయి పాత వాక్యం తిరిగి రాసింది. సైకిల్ షాపు కుర్రాడు స్కోర్లు రాసే బోర్డు దగ్గర ఖాళీ చాక్‌పీసుల డబ్బా చూసి, దాని అట్ట చించి, లోపలివైపు నల్ల టేపు చుట్టి, సెన్సార్ల చుట్టూ పావడాలా కట్టాడు, ఎండ లోపలికి పోకుండా. నాలుగు నిమిషాల పని. రెండోసారి పుల్లయ్య ఎండలో కాస్త తడబడ్డాడు గానీ దారి వదల్లేదు, 47 సెకన్లలో ట్రాకు పూర్తి చేశాడు. నాలుగో స్థానం. ప్రైజులు మూడే.

తిరుగు బస్సులో నాలుగోవాడు నా సీటు దగ్గరికొచ్చి, "సార్, మీ పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటుందా?" అన్నాడు. పార్టిసిపేషన్ సర్టిఫికెట్టుకి కాబోలనుకున్నాను. పర్సులో ఉంటే ఇచ్చాను, మంచిదే, కోటు వేసుకుని దిగింది.

సోమవారం హెచ్చెమ్ గారు ల్యాబు రిజిస్టర్లతోపాటు ఆ నోట్‌బుక్కు కూడా తెప్పించుకుని సంతకాలు పెట్టి పంపారు. తిరగేస్తుంటే చివరి పేజీలో నా ఫోటో, నాలుగు మూలలా నల్ల టేపు. కింద గుండ్రటి అక్షరాలతో తేదీ, 11:42 అని టైము, "పురుగు దొరికింది" అని. గెజిటెడ్ ఆఫీసరుకి ఫోటో కనబడితే చెయ్యి ఊరుకోదు కదా. హెచ్చెమ్ గారు పైన రాసింది చదవకుండానే, సంతకం సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా ఆకుపచ్చ సిరాతో అటెస్ట్ చేసి, స్టాంపు కూడా వేశారు.