బండి ఇంటిదే, తాళం చెవి మాత్రం ఆయనది

నల్లగొండలో ఆడవాళ్లు బండి నడపడం ఇప్పుడు వింతేమీ కాదు. పొద్దున ఎనిమిదిన్నరకు గడియారం సెంటర్‌లో నిలబడితే బడికి పోయే టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు ఒకరి వెనుక ఒకరు సాగిపోతుంటారు. కాకపోతే ఇంచుమించు అందరివీ గేరు లేని స్కూటర్లే. గేరు బండి మీద ఆడమనిషి వచ్చిందంటే మాత్రం టీ కొట్టు దగ్గర కబుర్లు కాసేపు ఆగిపోతాయి. పోయిన ఏడాది గేరు బండి నేర్చుకున్నప్పటి నుంచి ఆ చూపులు నాకూ అలవాటయ్యాయి. వెక్కిరించేవాళ్లు తక్కువే, ఉన్నమాట చెప్పాలి. మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. "మీకు చాలా ధైర్యం మేడమ్" అంటారు పెట్రోలు బంకులో కుర్రాళ్లు. నాకు చిరాకు తెప్పించేది ఆ మెచ్చుకోలే.

క్లచ్చు మెల్లగా వదులుతూ యాక్సిలరేటరు అందుకోవడానికి ధైర్యంతో పనేముంది? చేతికి అలవాటు కావాలి, అంతే. అలవాటు కావాలంటే రోజూ బండి దొరకాలి, పడితే నవ్వనివాళ్లు పక్కన ఉండాలి. మగపిల్లలకు ఇవి అడగకుండానే దొరుకుతాయి. బండి నడపడంలో ఆడామగా తేడా అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఈ ఒక్క లెక్కలోనే తేలిపోతుంది.

మా వైపు ఊళ్లలో మగపిల్లవాడు బండి ఎప్పుడు నేర్చుకుంటాడో చూడండి. ఆరో తరగతిలో నాన్న టీవీఎస్ ఎక్సెల్ మీద ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటాడు. ఎనిమిదికి వచ్చేసరికి పాల క్యాను కేంద్రంలో దించి వస్తాడు, మోటారు వేయడానికి బావి దాకా ఒక్కడే పోతాడు. కాలువ గట్టు మీద నాలుగుసార్లు పడతాడు. మోకాలు గీరుకుంటే తల్లి పసుపు అద్దుతుంది, ఊరు పట్టించుకోదు. మైనరు చేతికి బండి ఇస్తే తండ్రికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మంచి సవరణే గానీ, చెరువు కట్ట మీద దాన్ని అమలు చేయడానికి ఏ పోలీసూ రాడు. పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సుకు వచ్చేనాటికి ఆ అబ్బాయి చేతుల్లో ఐదారేళ్ల అనుభవం ఉంటుంది. అదే ఇంట్లో అతని అక్క అదే బండి మీద వెనుక కూర్చుని, కాళ్లు రెండూ ఒకవైపు వేసుకుని, ఒక చేత్తో సంచీ మరో చేత్తో చున్నీ పట్టుకుని ఆ ఐదారేళ్లు గడిపేస్తుంది. ఉద్యోగం వచ్చాక ఏ ఇరవై ఏడో ఏటో ఆమె తొలిసారి క్లచ్చు పట్టుకుంటుంది. నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతుంది, వెనుక లారీ హారను మోగుతుంది, ఆడవాళ్లకు బండి చేతకాదని తీర్పు వచ్చేస్తుంది. తమ్ముడు పడ్డప్పుడు చూసినవాళ్లు లేరు, అక్క పడ్డప్పుడు మాత్రం బజారంతా చూసింది.

చట్టం కూడా ఆమెను వెనుక సీటులోనే ఊహించుకుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన ఉంది. దాని ప్రకారం మోటారు సైకిలుకు వెనుక కూర్చున్నవారు పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలి. మనం చీర గార్డు అనేది దాన్నే. ఎంతో మేలు చేసే నిబంధన. బండి అందం చెడిపోతోందని ఆ గార్డు ఊడదీయించే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయితే హ్యాండిల్ పట్టుకున్న ఆడమనిషి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించినవాళ్లు బండి చేసేవాళ్లలో గానీ అమ్మేవాళ్లలో గానీ నాకు పెద్దగా కనిపించలేదు.

సీటు సంగతే తీసుకోండి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బుల్లెట్ తరహా బండ్లకు అది 800 దాటుతుంది. ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు తగులుతాయి. "ఎత్తు చాలదు, నీకెందుకమ్మా ఇది" అనే మాట ఇక్కడే పుడుతుంది. నిజానికి రెండు పాదాలూ ఆనించాల్సిన అవసరమే లేదు. ఆగేటప్పుడు కుడి పాదాన్ని వెనుక బ్రేకు మీదే ఉంచి, సీటు మీద కొద్దిగా ఎడమకు జరిగి, ఎడమ పాదం ఒక్కటి గట్టిగా మోపితే సరిపోతుంది. అక్కడ ఇంకో చిక్కుంది. వాన నీరు నిలవకుండా మన రోడ్లను మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. ఎడమ అంచున ఆగామంటే కాలు మోపాల్సిన వైపే నేల కిందికి దిగిపోయి ఉంటుంది, తారు దాటి మట్టిలోకి దిగితే మరీను. నూట పన్నెండు కిలోల బండి ఒకసారి ఒరగడం మొదలుపెట్టాక చేతుల బలంతో ఆపలేం. అందుకే నేను మరీ అంచుకు పోకుండా చదునుగా ఉన్నచోటు చూసుకుని తారు మీదే ఆగుతాను. వెనుక వచ్చేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

హెల్మెట్‌దీ అదే కథ. వెనుక కొప్పు ఉన్నా, పెద్ద క్లిప్పు పెట్టుకున్నా అది తల మీద సరిగా దిగదు, ముందుకు వాలి కళ్లకు అడ్డొస్తుంది. జడ మెడ కిందికి వేసుకుంటేనే కుదురుతుంది. చున్నీ చివరలు చొక్కా లోపలికి పోవాల్సిందే, ముఖ్యంగా చైను కవరు లేని బండి మీద.

ఇక నేర్పేవాళ్లు. జిల్లా కేంద్రాల్లో డ్రైవింగ్ స్కూళ్లకు కొదవ లేదు, కానీ అక్కడ నేర్పేది కారు. మోటారు సైకిలు నేర్పుతారా అని నేను అడిగిన చోట "ఇంట్లో ఎవరూ లేరా మేడమ్" అని ఎదురు ప్రశ్న వేశారు. ఇంట్లో ఉన్నారు, తంటా అంతా దాంతోనే. అన్నయ్యో భర్తో వెనుక కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని చెవిలో అరుస్తూ చెప్పే పాఠం మొదటి వారంలోనే అలకతో ముగుస్తుంది. వాళ్లకు నడపడం వచ్చు, నేర్పడం రాదు. పైగా చెప్పేవాటిలో సగం తాము విన్న మాటలే. "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు" అనేది కొత్తగా నేర్చుకునే ప్రతివారికీ అందే మొదటి ఉపదేశం. బ్రేకు పడగానే బరువు ముందుకు వస్తుంది కాబట్టి బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. దాన్ని వదిలేసి వెనుక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం జారుకుంటూ పోతుంది, బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగదు. ఇసుక మీదో మలుపులోనో ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే పడిపోతామన్నదీ నిజమే. అంటే ఎప్పుడు ఎంత పట్టాలో నేర్పాలి గానీ, అసలు ముట్టుకోవద్దంటే ఎలా? 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లలో రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, అంతకు మించిన వాటికి బ్రేకు పడ్డప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఆడవాళ్లకు నేర్చుకోవడానికి ఇచ్చేది మాత్రం ఇంట్లో మూలన పడ్డ పాత బండినే.

ఇంత కష్టం దేనికి, స్కూటరు సరిపోదా అని అడగవచ్చు. పట్టణంలో సరిపోతుంది. షోరూములో "మీకు స్కూటీ అయితే బాగుంటుంది మేడమ్, లేత రంగులు కూడా వచ్చాయి" అని చూపించే బండ్లకు చక్రాలు పది, పన్నెండు అంగుళాలవి. స్ప్లెండర్ చక్రం 18 అంగుళాలు. దేవరకొండ దాటి తండాల వైపు పోయే రోడ్డులో గుంత వచ్చినప్పుడు పెద్ద చక్రం దాని మీదుగా దాటుకుపోతుంది, చిన్న చక్రం అందులో దిగబడుతుంది. ఆడవాళ్లకు భద్రమని అంటగట్టే బండి పల్లె రోడ్డు మీద అంత భద్రమేమీ కాదన్నమాట. డబ్బు సంగతి సరేసరి. ఇంట్లో గేరు బండి ఒకటి ఉండగా ఇంకో లక్ష దాకా అప్పు చేసి స్కూటరు కొనడం అందరి వల్లా కాదు. ఉన్న బండే ఆమెకూ వస్తే ఆ అప్పు తప్పుతుంది.

లైసెన్సులో ఒక ఉచ్చు ఉంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. లెర్నర్స్ తీసుకున్న 30 రోజుల తర్వాత స్కూటరు మీద పోయి ఎనిమిది అంకె ట్రాకు తిరిగితే వచ్చేది గేరు లేని మోటారు సైకిలు లైసెన్సు. తర్వాత ఎప్పుడైనా అత్యవసరంగా భర్త బండి తీస్తే, జేబులో కార్డు ఉన్నా ఆ బండికి లైసెన్సు లేనట్టే లెక్క. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి అది చాలు. గేరు బండి మీద పరీక్ష ఇస్తే రెండు రకాలూ నడపవచ్చని దరఖాస్తు నింపేటప్పుడు ఒక్కరు చెప్పినా ఎంతో మేలు.

రోడ్డు మాత్రం ఆడామగా చూడదు. ఏప్రిల్, మే నెలల్లో హాలియా, మిర్యాలగూడ వైపు వెళ్తే సగం రోడ్డు వడ్లదే. కల్లాలు చాలవు, కొనుగోలు కేంద్రంలో వంతు రాదు, రైతు ఇంకెక్కడ ఆరబోస్తాడు? ఆయన్ని తిట్టి లాభం లేదు. అయితే మిగిలిన సగంలో ఎదురుగా మిల్లుకు పోయే లారీ వస్తున్నప్పుడు బండి చక్రం గింజల మీదికి వెళ్తే గోలీల మీద కాలేసినట్టే. ఇంకా ప్రమాదం రాత్రిపూట. రాశి మీద నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో నల్లటి రోడ్డు మీద నల్లటి టార్పాలిన్ దగ్గరికొచ్చే దాకా కనిపించదు. వడ్లు ఎత్తుకుపోయాక కూడా రాళ్లు అక్కడే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నవాళ్లు కూడా పడే చోట కొత్తగా నేర్చుకున్న ఆమె పడితే తప్పు ఆమె ఆడతనానిది ఎలా అవుతుంది?

"ఎందుకు ప్రమాదం కొని తెచ్చుకోవడం" అనే పెద్దవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి, వాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. భయపడాల్సిన లెక్కే. కానీ వెనుక కూర్చుంటే భద్రమన్న నమ్మకానికి మా జిల్లాల అనుభవం సాక్ష్యం చెప్పదు. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప తోటకు పోతున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మహిళా కూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడి 15 మంది పోయారు, ఎక్కువమంది కూలికి బయలుదేరిన ఆడవాళ్లే. వాళ్లెవరి చేతిలోనూ స్టీరింగు లేదు. ఎంత వేగంగా పోవాలో, ఎంతమందిని ఎక్కించుకోవాలో నిర్ణయించే అవకాశం కూడా లేదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దానివల్ల ఎంతమంది ఇల్లు కదిలారో ఏ బస్టాండులో చూసినా తెలుస్తుంది, ఆ పథకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే బస్సు ఊళ్లోకి వచ్చేది దాని వేళకు. నాలుగైదు ఊళ్లు చూసుకునే వ్యవసాయ విస్తరణ అధికారికి, సాయంత్రం ఆరు తర్వాత కాన్పు కేసు వచ్చిన ఏఎన్‌ఎంకు దాంతో పని జరగదు. ఇద్దరికీ సొంతంగా నడుపుకునే బండి ఉండాల్సిందే.

పత్రికల్లో కనిపించే మహిళా రైడర్ల కథలకూ దీనికీ పొత్తు కుదరదు. 2018లో హైదరాబాదుకు చెందిన జై భారతి మరో ముగ్గురితో కలిసి మోటారు సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాలు చుట్టి వచ్చారు. గొప్ప ప్రయాణం. అంతకన్నా నాకు నచ్చేది, ఆ తర్వాత ఆమె ఆడవాళ్లకు బండి నడపడం నేర్పే పని పెట్టుకోవడం. అలాంటి పని హైదరాబాదు దాటి పాలమూరు, నల్లగొండ పట్టణాలకు రావాలి. మనకు సాహసయాత్రికులు నలుగురు పుడితే సంతోషమే, కానీ మక్తల్ నుంచి నారాయణపేటకు ఎవర్నీ బతిమాలకుండా పోగలిగేవాళ్లు నాలుగు వేల మంది ఉంటే ఊరి లెక్కలే మారిపోతాయి.

ఇదేమీ పెద్ద బడ్జెట్టు పని కాదు. రవాణా కార్యాలయాలకు ఆదివారం సెలవు, వాటి ట్రాకులు ఆ రోజు ఊరికే పడి ఉంటాయి. కొనుగోళ్లు లేని నెలల్లో మార్కెట్ యార్డులూ అంతే. మహిళా సంఘాలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే దాకా వచ్చాయి, మండలానికి రెండు పాత గేరు బండ్లు వాటికి భారం కాదు. కొత్తవి అసలే వద్దు. ఇద్దరు ముగ్గురు పడేసినా ఎవరి ప్రాణమూ ఉసూరుమనని, ట్యాంకు ఇప్పటికే సొట్టపోయిన బండి అయితే మరీ మంచిది. నేర్పడానికి ఎలాగూ లైసెన్సున్న ఆడవాళ్లే ముందుకొస్తారు. ఒకటి మాత్రం షరతు పెట్టాలి, తోడు వచ్చిన అన్నయ్యలూ భర్తలూ గేటు బయటే కూర్చోవాలి.