పావు జెండా గారికి ఒక బహిరంగ లేఖ

జైపూర్ చంద్రమహల్ ఏడో అంతస్తు మీద, పెద్ద జెండాకు పైన ఎగిరే పావు జెండా గారికి,

నమస్కారం. అసలు కన్నా కొసరు ముద్దంటారు మా వైపు. కానీ కొసరును ఏకంగా అసలు నెత్తికెక్కించడం మీ ఊళ్ళోనే చూశాం.

మీ పుట్టుక గురించి అక్కడ చెప్పే కథ భలేగా ఉంటుంది. కుర్రవాడైన జయసింహుడి మాటకారితనానికి ఔరంగజేబు మురిసిపోయి, వీడు ఒక మనిషి కాదు, ఒకటింపావు అని 'సవాయి' బిరుదిచ్చాడట. ఇక అక్కణ్ణించి ఆ గద్దెనెక్కిన ప్రతి రాజూ ఒకటింపావే. ఆ పావుకు గుర్తే మీరు. జయసింహుడి సంగతి సరే. 1727లో జైపూర్‌కు పునాది వేశాడు. మీ పక్కనే జంతర్ మంతర్‌లో రెండు సెకన్ల లెక్కతో పొద్దు చెప్పే రాతి యంత్రం నిలబెట్టాడు. ఆయనకు పావేం ఖర్మ, అర కలిపినా తక్కువే! తర్వాతి వాళ్ళకు ఏం చూసి కలిపారండీ?

మీ కిందున్న పెద్దాయన, అయిదు రంగుల పచ్‌రంగా గారూ తక్కువేం కాదు. జయసింహుడి పూర్వీకుడు, అక్బరు సేనాని రాజా మాన్‌సింగ్ కాబూల్ వైపు దండెత్తి, అయిదు అఫ్గాన్ తెగలను ఓడించి, వాళ్ళ జెండాల రంగులన్నీ కలిపి ఒక్క గుడ్డగా కుట్టించాడని చెబుతారు. శౌర్యమే, కాదనను. కాకపోతే యుద్ధం అక్బరుది, హోదా ఇచ్చిందీ అక్బరే. రంగులు మాత్రం ఇంటికొచ్చాయి.

1877 ఢిల్లీ దర్బారు సందర్భంగా ఇంకో సరదా. వైస్రాయి లార్డ్ లిట్టన్ మన రాజులకు శాటిన్ జెండాలు పంచాడు. ఒకవైపు రాబర్ట్ టేలర్ అనే దొర గీసిన కులచిహ్నం, రెండో వైపు 'భారత చక్రవర్తిని విక్టోరియా నుంచి' అని రాత. సూర్యచంద్ర వంశీకులకు వాళ్ళ గుర్తేమిటో ఐసీఎస్ దొర చెప్పాలన్నమాట! ఆ ఇత్తడి కర్రల బరువుకు ఒక్కో జెండాను ఇద్దరు దిట్టమైన హైలాండర్ సైనికులు మోయాల్సి వచ్చిందట. ఎంత ఎత్తున ఎగిరినా మీ వాళ్ళ నెత్తిన ఎప్పుడూ ఇంకొకరి జెండా ఉంటూనే ఉంది, గమనించారా?

1949లో రాజ్యం రాజస్థాన్‌లో కలిసింది. 1971లో రాజభరణాలు, బిరుదులు పోయాయి. పావు మాత్రం పోలేదు. ఇప్పుడు మీ డ్యూటీ అల్లా, రాజుగారు ఇంట్లో ఉన్నారో లేదో ఊరికి చెప్పడం. పాపం, ఫోన్ చేస్తే తెలిసిపోయేదానికి ఎండలో అంత టెన్షన్ ఎందుకు?

చివరగా ఒక హెచ్చరిక. పచ్‌రంగా రాకముందు మీ రాజవంశం కఛ్వాహాల జెండా తెల్లది, మీద దేవకాంచనం చెట్టు, అంటే కోవిదారం. కుశుడి వంశం కదా, రామాయణంలోని కోవిదార ధ్వజమే అది అని వాళ్ళ నమ్మకం. చిత్రకూటంలో లక్ష్మణుడు చెట్టెక్కి చూసి, భరతుడి సేనను పోల్చుకున్నది ఆ గుర్తుతోనే. 2025 నవంబరులో అయోధ్య ఆలయ శిఖరం మీద ఎగరేసిన జెండా మీద కూడా కోవిదారమే ఉంది. మాన్‌సింగ్ మూలన పెట్టిన చెట్టుకు మళ్ళీ కొలువు దొరికిందండీ. రేపు ఆ చెట్టుగారొచ్చి కఛ్వాహాల జెండా మీద పాత చోటు కూడా కావాలంటే, అందరికన్నా పైనున్నది మీరే కాబట్టి ముందు దిగాల్సిందీ మీరే.

ఇట్లు,
టికెట్టు కొని, మెడ పట్టేదాకా పైకి చూసిన ఒక తెలుగు యాత్రికుడు