కళాకేంద్రం కాగితాలు ఎవరి పేరున?

2008లో అమెరికాలో, ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే కళాకేంద్రం వాళ్లకు తెలిసింది, దాదాపు ముప్ఫై ఏళ్లుగా తాము పనిచేస్తున్న భవనం అమ్ముడైపోయిందని. ఆ గోడలకు పింగాణీ, గాజు పెంకులు అతికించి, దూరం నుంచే గుర్తుపట్టేలా చేసింది కళాకారులే. భవనం మాత్రం చర్చి వర్గాలది. నామమాత్రపు అద్దెకు ఇచ్చారు, అమ్మేముందు ఒక్క మాట చెప్పలేదు.

ఈ కేంద్రం పుట్టింది 1970లో, ఒక గ్యారేజీలో. కరెన్ బొకలేరో అనే క్రైస్తవ సన్యాసిని, కొందరు మెక్సికన్ కళాకారులు కలిసి మొదలుపెట్టారు. ఆమెది ఇటాలియన్ కుటుంబం. మెక్సికన్ మూలాలున్న కుటుంబాల ఆ పేట అప్పటికే ఉడికిపోతోంది. స్పానిష్ మాట్లాడితే బడిలో శిక్షించేవారు. 1968లో వేలమంది విద్యార్థులు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. రెండేళ్లకు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అదే పేటలో భారీ ఊరేగింపు జరిగింది. బడి నేర్పనిది ఇంకెక్కడైనా నేర్పాలి కదా. 1975లో ఒక వ్యాన్‌ను కదిలే స్టూడియోగా మార్చి, బడుల దగ్గరికీ వీధుల్లోకీ పంపారు. పిల్లలు అందులో స్క్రీన్ ప్రింటింగ్, ఫొటోగ్రఫీ, తోలుబొమ్మల్లాంటి బొమ్మల తయారీ నేర్చుకున్నారు. పోయినవాళ్లను తలుచుకునే మెక్సికన్ పండుగను (మన పెత్రమాసకు దగ్గర అనుకోండి) ఆ పేటలో వీధి ఉత్సవంగా మార్చిందీ వీళ్లే.

నాకు నచ్చింది వీళ్ల లెక్క. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒకే బొమ్మకు పదుల కొద్దీ ప్రతులు తీయొచ్చు. 1980ల నుంచి వీళ్లు కళాకారుణ్ణి పిలిచి, రంగులు, కాగితం, నిపుణుడైన ప్రింటర్‌ని సమకూర్చేవారు. ప్రతుల్లో కొంత వాటా కళాకారుడికి, మిగతాది కేంద్రానికి. అమ్మితే వచ్చిన డబ్బు తర్వాతి బ్యాచ్‌కి పెట్టుబడి. పెద్ద గ్యాలరీలు పట్టించుకోని చికానో (మెక్సికన్ మూలాలున్న అమెరికన్) కళాకారుల చేతికి ఇలా పని దొరికింది, ఇళ్ల గోడలకు చవకగా బొమ్మలు దొరికాయి. ఇంత తెలివైన ఏర్పాటు చేసుకున్నవాళ్లు నెత్తిమీద కప్పు సంగతి మాత్రం వేరేవాళ్ల దయకు వదిలేశారు. అమెరికాలో మనవాళ్లు గుడి కట్టాలంటే ముందు స్థలం కొంటారు. కళ దగ్గరికొచ్చేసరికి ఆ ముందుచూపు ఎవరికీ ఉండదు.

బొకలేరో 1997లో చనిపోయారు. ఆ తర్వాత కష్టాలు ముదిరి, 2005లో కేంద్రం తలుపులు కొంతకాలం మూతపడ్డాయి. 2011లో పక్క పేట బాయిల్ హైట్స్‌లోని మరో భవనంలోకి మారారు, మళ్లీ అద్దెకే. ఆ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. రైలు వచ్చింది, దాని వెంట గ్యాలరీలు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. పాతకాపులకు టెన్షన్ మొదలైంది. గ్యాలరీలు పొమ్మని ఉద్యమం నడిపిన స్థానికులు 2016లో ఈ కేంద్రాన్నీ బహిష్కరించాలన్నారు. పేటను అందంగా చేసినవాళ్లే దాన్ని ఖరీదు చేశారన్నది వాళ్ల కోపం. అందులో కొంత నిజం ఉంది. కానీ బయటి నుంచి వచ్చిన గ్యాలరీని, నలభై ఏళ్లుగా అక్కడి పిల్లలకు పని నేర్పినవాళ్లను ఒకే గాటన కట్టడం నాకు సబబనిపించదు. అద్దె పెరిగితే ఇద్దరిలో ముందు రోడ్డున పడేది ఎవరో చూస్తే చాలు.

2018లో ఆ భవనాన్ని కేంద్రం కొనుక్కుంది. గ్యారేజీలో మొదలైన 48 ఏళ్లకు కాగితాలు సొంత పేరున వచ్చాయి. ఆ వీధుల్లో అద్దెకుండే కుటుంబాలకు మాత్రం అలా కొనుక్కునే స్తోమత ఇప్పటికీ లేదు.