యూదులెవరో తేల్చేదెవరు?

పశ్చిమాసియా నుంచి యుద్ధవార్తలు వచ్చిన ప్రతిసారీ మన చర్చల్లో యూదులంటే ఒకే మనసు, ఒకే మాట గల సమూహమన్న ధోరణి వినిపిస్తుంది. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని సమర్థించేవారిలోనూ, తీవ్రంగా నిరసించేవారిలోనూ ఈ పొరపాటు సమానంగానే ఉంది. ప్రపంచంలో యూదులు దాదాపు కోటిన్నర మంది. వారిలో సగానికి పైగా ఇజ్రాయెల్ వెలుపలే నివసిస్తున్నారు. దేవుడి గురించి, ధర్మశాస్త్రం గురించి, చివరకు తమలో యూదులెవరన్న దాని గురించి కూడా వారు రెండు వేల ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదమే ఆ సంప్రదాయాన్ని బతికించిందని, దానికి ఒకే ద్వారం, ఒకే కాపలాదారు ఉండాలనే పట్టుదల అమాయకులను గాయపరిచిందని మేము భావిస్తున్నాము.

సువార్తలు చదివిన తెలుగువారికి యేసు కాలపు యూదు వర్గాలైన పరిసయ్యులు, సద్దూకయ్యులు కొత్తవారు కారు. అయితే అక్కడ ఇద్దరూ యేసుతో వాదానికి దిగే ప్రత్యర్థులుగానే ఎక్కువగా కనిపిస్తారు కనుక, వారిద్దరి మధ్య ఉన్న అగాధం చాలామంది దృష్టికి రాదు. సద్దూకయ్యులు యెరూషలేము దేవాలయ యాజక కులాలకు సన్నిహితులు. ధర్మశాస్త్రంలో రాసి లేని పరంపరాగత ఆచారాలను గానీ, మృతుల పునరుత్థానాన్ని గానీ వారు అంగీకరించలేదు. పరిసయ్యులు రెండింటినీ నమ్మారు. 1947 నుంచి మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో బయటపడిన ప్రాచీన రాతప్రతుల తోలు చుట్టలు వీరెవరికీ చెందని మరో వర్గాన్ని మన ముందుంచాయి. యెరూషలేము యాజకులు భ్రష్టులయ్యారని నమ్మి, తమ నియమావళిని తామే రాసుకుని, పండుగలకు వేరే పంచాంగాన్ని అనుసరించినవారు వారు. సామాన్య శకం 70లో రోమన్ సేనలు దేవాలయాన్ని ధ్వంసం చేసిన తరువాత బలిపీఠం లేదు, యాజకుల ప్రాబల్యమూ లేదు. ప్రార్థన, అధ్యయనం ఆధారంగా మతాన్ని తిరిగి నిలబెట్టిన రబ్బీలు, అంటే యూదు మతగురువులు, పరిసయ్యుల బాటలో నడిచినవారే. సువార్తల పఠనంతోనే పరిసయ్యులను అంచనా వేసే అలవాటును మనం ఈ కారణంగానైనా సరిచూసుకోవాలి.

రబ్బీలు నిర్మించిన ధర్మశాస్త్ర చర్చల మహాగ్రంథం తాల్ముద్ తీర్పుల సంపుటి కంటే ఎక్కువగా వాదాల సంపుటి. హిల్లెల్, షమ్మయి అనే ఇద్దరు గురువుల శిష్యపరంపరలు ఎన్నో విషయాల్లో విభేదించాయి. చివరకు ఇరువురి మాటలూ సజీవుడైన దేవుని మాటలేనని, ఆచరణలో మాత్రం హిల్లెల్ పక్షాన్ని అనుసరించాలని ఆకాశవాణి పలికిందని ఆ గ్రంథం చెబుతుంది. హిల్లెల్ శిష్యులకు ఆ అర్హత ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబుంది: వారు సౌమ్యులు, పైగా తమ అభిప్రాయం చెప్పే ముందు ప్రత్యర్థి అభిప్రాయాన్ని చెప్పేవారు. ఓడిన వాదాన్ని చెరిపివేయకుండా తరతరాల విద్యార్థులకు పాఠంగా అందించిన మతగ్రంథాలు ప్రపంచంలో అరుదు.

అలాగని ఆ చరిత్ర అంతా సౌమ్యమేనని చెప్పలేము. 8వ శతాబ్దం నుంచి బాగ్దాద్ ప్రాంతంలో రూపుదిద్దుకున్న కరాయిట్లనే యూదు వర్గం వారు తాల్ముద్ ప్రామాణ్యాన్నే తోసిపుచ్చి, లేఖనం ఒక్కటే చాలన్నారు. రబ్బీలు గణితంతో నెలలను నిర్ణయిస్తే, వీరు కంటికి నెలవంక కనబడితేనే నెల మొదలైందనేవారు. పండుగ ఏ రోజన్న దానిపై మన పంచాంగకర్తల మధ్య తలెత్తే వివాదం వంటిదే ఇదీ, కాకపోతే ఇక్కడ చీలిక శాశ్వతమైంది. ఇరుపక్షాల పండితులు ఒకరినొకరు ఖండిస్తూ గ్రంథాలు రాశారు. అయినా కైరోలోని పాత సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) అటకలో దొరికిన మధ్యయుగాల కాగితాల్లో ఈ రెండు వర్గాల వధూవరుల వివాహ ఒప్పందాలు ఉన్నాయి. విశ్రాంతి దినపు రాత్రి ఇంట్లో దీపం వెలగడం కరాయిట్లకు నిషిద్ధం, రబ్బీల అనుయాయులకు ఆచారం. దీపం వెలుగులో కూర్చోమని భార్యను బలవంతపెట్టనని, ఆమె పండుగలను ఆమె లెక్క ప్రకారమే గౌరవిస్తానని వరుడు రాసిచ్చాడు. అతని పండుగలను పాటిస్తానని వధువు ఒప్పుకుంది. పండితులు గ్రంథాల్లో తెంచిన బంధాన్ని సామాన్యులు ఒక ఒప్పంద పత్రంతో నిలుపుకున్నారు. ఈ విషయంలో మా మనసు ఆ దంపతుల వైపే ఉంది.

తరువాతి శతాబ్దాల్లో చీలికలు పెరిగాయే గాని తగ్గలేదు. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం తరువాత తత్వవేత్తగా పేరొందిన 23 ఏళ్ల స్పినోజాను వెలివేసింది. 1772లో విల్నాలోని (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) పండితులు భక్తిపారవశ్యానికి పెద్దపీట వేసిన హసీదులను బహిష్కరించారు. నేడు బయటివారి కంటికి ఆ రెండు పక్షాల వారసులూ ఒకే నల్లకోటు ఛాందసులుగా కనిపించడం విశేషం. 19వ శతాబ్దపు జర్మనీలో సంస్కరణవాదులు ప్రార్థనలను మాతృభాషలోకి తెస్తే, దానికి ప్రతిస్పందనగా సంప్రదాయనిష్ఠ గల ఆర్థడాక్స్ వర్గం తనను తాను నిర్వచించుకుంది. ప్యూ పరిశోధన సంస్థ 2020లో అమెరికాలో జరిపిన సర్వేలో యూదు వయోజనుల్లో 37 శాతం తమది సంస్కరణ శాఖ అన్నారు, 17 శాతం ఆ రెండింటికీ మధ్యేమార్గమైన కన్జర్వేటివ్, 9 శాతం ఆర్థడాక్స్ అన్నారు, 32 శాతం ఏ శాఖకూ చెందమన్నారు. మతం లేకపోయినా తాము యూదులమేనని చెప్పినవారు నాలుగో వంతుకు పైగా ఉన్నారు.

ఇంత వైవిధ్యమున్న జనానికి ఒక రాజ్యం ఏర్పడి, పౌరసత్వం ఎవరికివ్వాలో చట్టంలో రాయవలసి వచ్చినప్పుడు పాత వాదం కొత్త అధికారాన్ని సంతరించుకుంది. యూదులందరికీ ఇజ్రాయెల్‌లో స్థిరపడే హక్కునిచ్చిన 1950 నాటి చట్టం యూదులెవరో చెప్పలేదు. పోలండ్‌లో యూదుగా పుట్టి, నాజీల నుంచి ఎందరినో కాపాడి, ఆపై క్రైస్తవ సన్యాసి అయిన బ్రదర్ డానియెల్‌కు ఆ హక్కు లేదని 1962లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మతశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాడు మతం మారినా యూదుడే కనుక, లౌకిక న్యాయస్థానం ఇక్కడ రబ్బీల కంటే కఠినంగా నిలిచింది. యూదు తల్లికి పుట్టినవారు లేదా మతంలోకి మారినవారు, మరో మతానికి చెందనివారు యూదులని 1970 సవరణ నిర్వచించింది. అదే సవరణ యూదుల మనవలకు సైతం పౌరసత్వ హక్కునిచ్చింది. అయితే వివాహాలు రబ్బీల పరిధిలోనే ఉన్నందున, పౌరుడిగా అంగీకారం పొందిన మనిషి పెళ్లినాటికి యూదుడు కాకుండా పోయే పరిస్థితి నేటికీ కొనసాగుతోంది.

ఆ అధికారపు బరువు ఎక్కువగా పడింది అంచుల్లో ఉన్నవారి మీదే. కొంకణ తీరంలో తరతరాలుగా నూనె గానుగలు ఆడిస్తూ, విశ్రాంతి దినంగా శనివారం పని మానినందుకు ‘శనివార్ తేలీ’లనిపించుకున్న బెనె ఇజ్రాయెల్ సమాజం ఇజ్రాయెల్‌కు వలస వెళ్లాక, వారితో వివాహాలకు ముందు వంశావళిని విచారించాలని 1962లో రబ్బీల పీఠం ఆదేశించింది. వారు నిరసనకు దిగి, 1964లో పార్లమెంటు అండతో ఆ ఆంక్షలు తొలగేలా చేసుకున్నారు. తాల్ముద్ ఊసే ఎరుగకుండా తమ సంప్రదాయాన్ని కాపాడుకున్న ఇథియోపియా యూదులను 1973లో ప్రముఖ రబ్బీ ఒవాదియా యోసెఫ్ యూదులుగా గుర్తించినా, వలస వెళ్లాక లాంఛనంగా మతస్వీకారం చేయాలన్న షరతు ఎదురై, వారు 1985లో యెరూషలేములో వారాల తరబడి ధర్నా చేయవలసి వచ్చింది. వివాహ సంబంధాల్లో వంశశుద్ధిని పట్టించుకోవడం శాస్త్రబద్ధులైన రబ్బీలకు మనస్సాక్షికి సంబంధించిన విషయమని మాకు తెలుసు. కానీ అనుమానం ఎప్పుడూ యూరప్ వైపు కాక ఆసియా, ఆఫ్రికాల వైపే ముందుగా మళ్లినప్పుడు దాన్ని శాస్త్రనిష్ఠగా మాత్రమే చూడలేము.

మన దేశమూ ఈ విషయంలో నిర్దోషి కాదు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో, బానిసల సంతతిగా ముద్రపడిన తోటి యూదులను చాలాకాలం సమానంగా కూర్చోనివ్వలేదు. ఆ వర్గంలో పుట్టి న్యాయవాదిగా ఎదిగిన ఎ.బి.సాలెం గాంధీజీ బాటలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశారు. వేరే దేశం నుంచి వచ్చిన మతం కూడా మన నేలపై కులాన్ని ఎంత తేలిగ్గా ఒంటబట్టించుకుంటుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్ అని, ప్రాచీన ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రపు వారసులమని చెప్పుకుంటున్నాయి. మాదిగ నేపథ్యం గల ఈ కుటుంబాలు ఒకప్పుడు క్రైస్తవంలో ఉండి, 1990ల నుంచి సొంత సినగాగ్‌లో విశ్రాంతి దినాన్ని పాటిస్తూ హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటున్నాయి. ఇజ్రాయెల్ వీరిని ఒక సమాజంగా గుర్తించలేదు. ప్రాచీన వంశసంబంధాన్ని నిరూపించే ఆధారాలు లేవని పరిశోధకులు అనవచ్చు. వలస కోసమే ఇదంతా అని కొందరు ఎద్దేవా చేయవచ్చు. మొదటిది చర్చించదగిన విషయం. రెండోది, దళితులు ఏ విశ్వాసాన్ని ఎంచుకున్నా దాని వెనుక ప్రయోజనమే వెదికే పాత అలవాటు. మహారాష్ట్ర 2016లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. ఇక్కడి కుటుంబాలకు అంతకంటే క్లిష్టమైన చిక్కు ఉంది: 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే పరిమితం కనుక, కాగితాల మీద యూదులమని రాయించుకుంటే ఎస్సీ హోదా పోతుంది. మతం మారిన దళితుల హోదాను పరిశీలించేందుకు కేంద్రం 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది. దాని చుట్టూ సాగుతున్న చర్చ దళిత క్రైస్తవులు, ముస్లింల దగ్గరే ఆగిపోతోంది. కొత్తరెడ్డిపాలెం కుటుంబాల పరిస్థితిని కూడా ఆ చర్చలోకి తీసుకురావాలని, ఆ పనికి రాష్ట్ర ప్రభుత్వమే చొరవ చూపాలని మేము కోరుతున్నాము.