విచక్షణ గల కణత్వచం వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కణత్వచం వారికి,

జీవకణం చుట్టూ ప్రహరీలా నిలిచి, కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని ఆపుతారని పాఠ్యపుస్తకాలు తమరికి ‘విచక్షణా త్వచం’ అనే బిరుదు ప్రసాదించి చాలాకాలమైంది. ఆ బిరుదును ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత వల్లె వేయించిన వాళ్లలో నేనూ ఒకడిని. వల్లె వేయించిన కొద్దీ నాకే నమ్మకం సడలుతూ వచ్చింది కాబట్టి, అది తమరికి ఏ అర్హత మీద దక్కిందో తెలుసుకోగోరి ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

ముందుగా తమరి పుట్టుపూర్వోత్తరాలు. తమరి మందం 7-8 నానోమీటర్లు. 10,000 త్వచాలను దొంతరగా పేర్చినా మామూలు కాగితమంత మందం రాదు. నీటిని ఇష్టపడే తలలను రెండు వైపులా బయటికి పెట్టి, నీరంటే గిట్టని తోకలను మధ్యలో దాచుకున్న ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు అణువుల జంట వరుస తమరు. కాబట్టి తమరికి కొవ్వెక్కిందని ఎవరైనా అంటే అది నింద కాదు, రసాయన విశ్లేషణ. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల కొవ్వును వేరుచేసి నీటి మీద ఒంటి వరుసగా పరిచి, అది కణాల ఉపరితలానికి రెట్టింపు వస్తోందని చూపించారు. (కొవ్వును పూర్తిగా రాబట్టలేకపోవడం, కణాల వైశాల్యాన్ని తక్కువగా లెక్కగట్టడం అనే వారి రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వచ్చింది. ఇలాంటి అదృష్టం మా పిల్లలకు పరీక్షల్లో ఎందుకు పట్టదో!)

ఇక విచక్షణ. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎవరినీ అడగకుండా వచ్చిపోతాయి, పోనివ్వండి. ఆల్కహాలుకూ అడ్డు లేదు. స్టిరాయిడ్ హార్మోన్లు నేరుగా నడిచొచ్చి లోపల ఆజ్ఞలు జారీ చేస్తాయి. కణం మొత్తాన్ని పోషించే గ్లూకోజు మాత్రం, తగిన ప్రోటీను వచ్చి చేయి అందించేదాకా గుమ్మం బయటే పడిగాపులు కాయాలి. కండరాల్లోనైతే ఇన్సులిన్ కబురు అందాక గానీ ఆ ప్రోటీన్లు తగినన్ని పైకి రావు. లోకంలో పని జరగాలంటే చేతులు తడపాలంటారు. తమరి దగ్గర తడి పనికిరాదు, జిడ్డు ఉండాలి: కొవ్వులో ఇమిడేవాటికే దారి. దీన్ని విచక్షణ అనడం కంటే బంధుప్రీతి అనడం సబబు.

నిజమైన విచక్షణ నాకు కనిపించింది తమరిలో పొదిగి ఉన్న పొటాషియం మార్గం అనే ప్రోటీనులో. సోడియం అయాను (విద్యుదావేశమున్న పరమాణువు) వ్యాసార్ధం సుమారు 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), పొటాషియానిది 1.33. పెద్దది దర్జాగా వెళుతుంది, చిన్నది ఆగిపోతుంది. ఇదెక్కడి న్యాయమని నేనూ అనుకున్నాను. 1998లో మెకినన్ బృందం ఆ మార్గం నిర్మాణాన్ని బయటపెట్టాక అర్థమైంది: లోపలికి రావాలంటే అయాను తన చుట్టూ ఉన్న నీటి తొడుగును విడిచిపెట్టాలి, ఆ నీరు చేసే ఉపచారాన్నే చేయడానికి మార్గం గోడల్లో ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమరి ఉంటాయి, బక్కపలచని సోడియానికి అవి అందవు. అంతటి తనిఖీ చేస్తూనే సెకనుకు దాదాపు 10 కోట్ల అయాన్లను పంపగలదు. 1992లో పీటర్ ఏగ్రి గుర్తించిన నీటి మార్గమైతే సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులను వదులుతూ, వాటి చాటున ఒక్క ప్రోటాన్‌నూ (హైడ్రోజన్ అయానునూ) దొర్లిపోనివ్వదు. సెబాసు! అయితే ఇది చేసేది ప్రోటీన్లు. ప్రోటీన్లు కూడా నాలో భాగమేనని తమరు 1972 నాటి సింగర్, నికల్సన్ నమూనాను చూపిస్తారని తెలుసు. ఆ నమూనాలోనూ తమరు సముద్రమే, పని చేసేవి అందులో తేలే ప్రోటీన్లే.

తమరిలోనే ఉన్న మరో ప్రోటీను, సోడియం-పొటాషియం పంపు కష్టం చూడండి. కణం శక్తి కోసం వాడే ఏటీపీ అణువు ఒక్కోదాని ఖర్చుకు 3 సోడియం అయాన్లను బయటికి గెంటి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. గెంటిన సోడియం మరో దారిన మళ్లీ లోపలికి జారుతుంది. ఓటిపడవలో నీళ్లు తోడే ఈ చాకిరీకి, విశ్రాంతిలో ఉన్న శరీరం వాడే శక్తిలో సుమారు ఐదో వంతు పోతుంది. 1957లో పీత కాలి నరాలలో దీన్ని పట్టుకున్న శాస్త్రవేత్త స్కౌకు నోబెల్ రావడానికి 1997 దాకా పట్టింది. పంపుకు ఏమీ రాలేదు. పేగు గోడలో గ్లూకోజు లోపలికి వచ్చేది ఈ చాకిరీ పుణ్యమే: జారిపడే సోడియం రెండేసి అయాన్లుగా ఒక్కో గ్లూకోజు అణువును వెంటబెట్టుకొస్తుంది, వాటి వెనకే నీరు వస్తుంది. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు పట్టే ద్రావణంలో ఉప్పూ చక్కెరా కలిసి ఉండేది అందుకే. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో సోడియం, గ్లూకోజు లీటరుకు సమానంగా 75 మిల్లీమోల్‌ల చొప్పున ఉంటాయి.

తమరి సొంత ప్రతాపమూ చూశాను. రియో మొక్క ఆకు ఊదారంగు పొరను గాజుపలక మీద పెట్టి, చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టాను. నిమిషాల్లో కణంలోని ఊదారంగు ముద్ద కణం గోడను విడిచి మూలకు ముడుచుకుంది. దాన్ని అంటిపెట్టుకున్న తమరు కూడా ముడుచుకున్నారు. బయటి ఉప్పు లోపలి నీటిని పిలుస్తుంటే వద్దని ఒక్క మాట అనలేదు. అదే ఎర్ర రక్తకణాన్ని స్వేదనజలంలో వేస్తే, నీటిని వచ్చినంతా రానిచ్చి తమరే పగిలిపోతారు. సిరలోకి ఎక్కించే సెలైన్‌ను 0.9 శాతం దగ్గర ఉంచి తమరి పరువు కాపాడుతున్నది మేము.

అసలు ఫిర్యాదు చివరికి ఉంచాను. కేన్సర్ కణంలోకి ఎన్నో తిప్పలు పడి మందు పంపితే, పి-గ్లైకోప్రోటీన్ అనే కాపలాదారు దాన్ని పట్టి బయటికి విసిరేస్తాడు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వచ్చి తమరి ఉపరితలం మీది చక్కెర కొసను పట్టుకుంటే మాత్రం, తమరే లోపలికి మడతపడి, సంచిలో చుట్టి, పల్లకీలో పెళ్లికొడుకులా మోసుకుపోతారు. మందుకు మెడపట్టి గెంటుడు, వైరస్‌కు పల్లకీ! సంజాయిషీ ఇవ్వగలరు.

తమరి జవాబు నీటిలో కరిగేదైతే, దారిలో ఆగిపోకుండా వెంట ఒక ప్రోటీనును తోడిచ్చి పంపగలరు.

ఇట్లు,
తమరి గుమ్మం బయట నిలబడ్డ అర్జీదారు