ఏ దీవిలో మునుగుదాం?

అనంతపురం జిల్లా ప్రజల ముందు ఇప్పుడున్న అసలు సమస్య, తక్కువ ఖర్చులో స్కూబా డైవింగ్‌కి ఏ దీవికి పోవాలన్నది. కరువు, వలసలు, వేరుశనగ ధర లాంటి చిల్లర విషయాలన్నీ ఈ ముక్క తేలిన తర్వాతే. ఆ బరువంతా మా మేనల్లుడు నెత్తికెత్తుకున్నాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం ఇంటికొచ్చి, సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర టీకొట్టులో స్నేహితులతో కూర్చుని ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అందులో ఒక ఎక్సెల్ షీట్. నిలువునా దీవులు, అడ్డంగా ఖర్చులు. టీ డబ్బులు ఎవరివన్న గడి మాత్రం అందులో లేదు, అవి నావే.

మొదటి పేరు మాల్దీవులు. 2024 జనవరిలో అక్కడి మంత్రులు మన ప్రధానిని వెక్కిరించారని దేశమంతా అలిగినప్పుడు వీళ్లూ అలిగి కొట్టేశారు. మాఫుషిలాంటి, మామూలు జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు చవకని తెలిశాక అలక తీరి మళ్లీ రాసుకున్నారు. అలాంటి దీవుల్లో మందు దొరకదని తెలిసి మళ్లీ కొట్టేశారు. ఈసారి కారణం దగ్గర 'సంస్కృతి వేరు' అని రాశారు. పోనీ మన లక్షద్వీప్? దానికి పర్మిట్ కావాలి, ఎక్కువగా కొచ్చి మీదుగానే అగత్తికి విమానం ఎక్కాలి, 'బంగారం' అనే దీవి తప్పిస్తే అక్కడా మందు లేదు. దేశభక్తి కొచ్చి దాకా కూడా పోలేదు.

థాయ్‌లాండ్‌లో కో తావ్ ఉంది. డైవింగ్ కోర్సు చవగ్గా అయ్యే చోట్లలో దానికి ప్రపంచమంతా పేరు. కానీ ఆ దీవికి విమానాశ్రయం లేదు, పడవే గతి. 'పడవ ఖర్చు బడ్జెట్‌లో పెట్టలేదు మామా' అన్నాడు, దీవికి రోడ్డు ఉంటుందనుకున్నవాడి ముఖం పెట్టి. ఇండోనేషియాలో గిలి త్రవాంగన్ నచ్చింది. అక్కడ మోటారు బండ్లు తిరగవు, సైకిళ్లు, గుర్రపుబండ్లే. వాళ్ల తాత గుత్తి స్టేషన్‌లో దిగి బస్సుకి డబ్బుల్లేక జట్కా ఎక్కేవాడు. మనవడు అదే జట్కా కోసం భూమధ్యరేఖ దాటుతాడట.

నేను ఊరుకోలేక నేత్రాణి అన్నాను. కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ నుంచి పడవలో ఇరవై కిలోమీటర్ల లోపు. బళ్లారి, హుబ్లీ మీదుగా బస్సులో పోయిరావచ్చు. అన్నిటికంటే చవక. టీకొట్టు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. 'కర్ణాటకనా మామా? ఫొటో పెడితే బళ్లారి పోయినాడు అనుకుంటారు.'

చివరికి అండమాన్ మిగిలింది. నిన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి శ్రీ విజయపురం. అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్. ఇక మొదలైంది బేరం. ఒక డైవింగ్ షాపు కంటే పక్క షాపులో రెండొందలు తక్కువట. సముద్రం అడుగున ఊపిరి ఆడించే సిలిండరు దగ్గర, చెయ్యి పట్టుకుని దించే మనిషి దగ్గర రెండొందలు మిగుల్చుకుంటాడు! వీడియో ఫ్రీగా తీస్తారా అని మాత్రం మూడు షాపులకీ ఫోన్ చేశాడు. సిలిండరు ఎన్నాళ్లకోసారి పరీక్ష చేయిస్తారని ఒక్కరినీ అడగలేదు.

గది అద్దె మిగలాలని పొద్దున డైవింగ్ పెట్టుకుని ఆ సాయంత్రానికే విమానం చూశాడు. నాయనా, నీళ్ల కింద ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోకి ఎక్కుతుంది. పైన గాలి పలచబడితే గోలీసోడా కొట్టినట్టు బుడగలు లేస్తాయి, అందుకే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు అని చెప్పాను. 'ఆ ఒక్కరోజు గది అద్దె ఎవరిస్తారు మామా?' అని నావైపే చూశాడు.

ఈత వచ్చా అని అడక్కండి. డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకి 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్లమీద తేలి ఉండాలి. అందుకని ఇంట్లోనే సాధన మొదలుపెట్టాడు, మేడమీద సింటెక్స్ ట్యాంకులో. ముక్కుకి మా అక్క బట్టల క్లిప్పు, కళ్లకి ఆన్‌లైన్‌లో తెప్పించిన మాస్కు. మూత తీసి, నిచ్చెన వేసి, నడుముకి తాడు కట్టుకుని దిగాడు. తాడు రెండో కొస పట్టుకున్న స్నేహితుడు ఫోన్‌లో నిమిషాలు లెక్కపెడుతున్నాడు. లోపల వీడు మునిగిన కొద్దీ నీళ్లు పొర్లి పక్కింటి గోడ మీదుగా కారి, వాళ్లు ఎండబెట్టిన వడియాల్లో పడ్డాయి. పక్కింటావిడ కింద నుంచి కేకలు. కింద కొళాయి దగ్గర మా అక్క కేకలు: 'రోజు మార్చి రోజు ఇడిసే నీళ్లురా! ఎల్లుండి దాకా ఏం తాగల్లరా, నువ్వు మునిగిన నీళ్లా?' లోపలినుంచి జవాబు లేదు. బొటనవేలు మాత్రం పైకి లేచింది. డైవర్ల సంజ్ఞల్లో దానికి 'పైకి పోదాం' అని అర్థం. వీడు 'సూపర్' అన్నాననుకున్నాడు. స్నేహితుడు పాపం ఇంటర్నెట్‌లో చదివినవాడు, తాడు లాగేశాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మొన్న షీట్ మూస్తూ ఒక మాటన్నాడు. కళ్యాణదుర్గం వైపు మా చిన్నాయన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతుంటే మళ్లీ బోరు వేయించాడు. దానికి వీడు, 'పల్లెల్లో వాళ్లకి ఫైనాన్షియల్ ప్లానింగ్ ఉండదు మామా' అన్నాడు.

ప్లానింగా? ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు రిగ్గు, చెవులు పగిలే మోత, బూడిద రంగు పొడి చెట్లన్నిటి మీదా. ఇరవై అడుగులకో రాడ్డు. అడుగుకింత అని లెక్క, లోతు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది, కేసింగ్ పైపు వేరే. ఆరొందల అడుగుల దగ్గర మా చిన్నాయన ఆ పొడిని పిడికిట్లోకి తీసుకుని పిండి చూశాడు, తడి తగులుతుందేమోనని. 'ఇంకో రాడ్డు దించాలా పెద్దాయనా?' అని రిగ్గు కుర్రాడు అడిగితే, చిన్నమ్మ వైపు చూడకుండా తలూపాడు. వెయ్యి దాటినా పొడే. 60 అడుగులు దిగి రంగు చేపల్ని చూసొచ్చినవాడికి సర్టిఫికెట్ ఇస్తారు. వెయ్యి అడుగులు దిగి చుక్క కనపడనివాడికి అప్పులోళ్లు ఇంటికొస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేలమీద, బిడ్డల్లా పెంచిన చెట్లు కళ్లముందు మాడిపోతుంటే, ఏ ప్లానింగ్ చెయ్యాలిరా? దానికీ ఒక గడి కట్టి చూపించు. నీ ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ చీనీ కాయలే.

వాడు కాసేపు తల దించుకున్నాడు. తర్వాత షీట్ మళ్లీ తెరిచాడు. అండమాన్ జూలైకి ఖాయమైందట, ఆఫ్ సీజన్‌లో గదులు సగం ధరకే దొరుకుతున్నాయట. నైరుతి రుతుపవనాల్లో సముద్రం పోటెత్తి ఉంటుంది, నీళ్లు బురదగా మారతాయి, ఒక్కోరోజు పడవలే కదలవు అని చెప్పాను.

'అట్లయితే రీఫండ్ ఇస్తారు కదా మామా?'